విప్పిన దుప్పటి

ఆక్లండ్
11 ఫిబ్రవరి 1996

లోసక్కా,

క్రిస్మస్‌కి నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు ఇవ్వలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ముందు ఈ కబురు విను. మా ఎమేలికి పెళ్లి కుదిరింది. కుదిరిందని రాశానుగానీ, కుదిర్చినవాళ్లు ఎవరూ లేరు. తనే కుదుర్చుకుని, చర్చి నుంచి వస్తూ కారులో చెప్పింది. "అమ్మా, నువ్వు ఎదర చూసి నడుపు, నేనొకటి చెప్తాను" అంది. కుర్రాడి పేరు కలమ్. ఇక్కడి తెల్లవాళ్ల పిల్లాడు, వడ్రంగి. మాట తక్కువ, తిండి ఎక్కువ. మనింట్లో ఇమిడిపోతాడు.

పెళ్లి అక్టోబరులో. ఇక్కడున్న మన నియుతావో దీవి వాళ్లంతా వస్తారు. ఆడపెళ్లివారి తరఫున చాపలూ దుప్పట్లూ పరిచే వేళకి మన ముసలమ్మల కళ్లు దేనికోసం వెతుకుతాయో నీకు చెప్పక్కర్లేదు. "తిలీసా లేసు దుప్పటి ఏదీ?" అంటారు. అమ్మ పోయి పదమూడేళ్లయినా ఆ దుప్పటి ఇంకా అమ్మ పేరుతోనే బతికుంది.

అందుకే బీరువా లోంచి తీశాను. అక్కా, దాన్ని నేను ఎన్నడూ పరవలేదు. పాడైపోతుందని భయం. నా పెట్టెలో అమ్మ ఎలా మడిచి పెట్టిందో అలాగే ఉంచాను. ఇప్పుడు విప్పి చూస్తే మడత పడ్డ చోటల్లా దారం తెగిపోయి ఉంది. ఎమేలి కింద చెయ్యి పెట్టి ఎత్తితే వేళ్లు పైకొచ్చాయి. దాచడం కూడా ఒక రకం పాడుచెయ్యడమేనా అని అప్పటినుంచీ అనుకుంటున్నాను. మళ్లీ, దాచకపోతే ఈపాటికి అసలు ఉండేదే కాదేమో అనీ అనుకుంటున్నాను.

ఇక్కడ అల్లేవాళ్లు లేకపోలేదు. శనివారాలు మన ఆడవాళ్లు చర్చి వెనక గదిలో సూదులు పట్టుకుని కూర్చుంటారు. కానీ అమ్మ పువ్వు వాళ్లకి రాదు. అందరూ పువ్వుని బొడ్డు దగ్గర మొదలుపెడితే అమ్మ రేకుల కొసల నుంచి లోపలికి వచ్చేది కదా. అది నీకొక్కదానికే వచ్చు.

పాస్టరుగారి భార్య సఫిగా సువా రేవు మీదుగా మన దీవికి వస్తోంది. ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని నీకు చెప్పేంతదాన్ని కాను. అమ్మ ఉంటే ఏం చేసేదో అదే చెయ్యి.

నీ చెల్లెలు
సులిత

ఆక్లండ్
24 మార్చి 1996

లోసక్కా,

నీ జాబు రాలేదు. ఫునాఫుతి రేవులో ఓడ మరమ్మతుకి ఆగిందని ఇక్కడ ఎవరో అన్నారు. దుప్పటి నీకు చేరిందో, సఫిగా పెట్టెలోనే నలుగుతోందో తెలియడం లేదు.

మొన్న ఒక మాట రాయడం మరిచాను. తలవైపు, ఎడమ మూలలో కొన్ని పువ్వులు బాగా బిగుసుకుపోయి, మిగతావాటికంటే చిన్నవిగా ఉంటాయి. నువ్వు చూసే ఉంటావు. వాటిని మాత్రం సరిచెయ్యకు. అవి నాన్న పడవ తిరిగి రాని వారంలో అమ్మ అల్లినవి. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ గోడకి చేరగిలబడి, ఒళ్లో దుప్పటి వేసుకుని కూర్చునేది. ఊరంతా ఒడ్డున ఉంటే అమ్మ ఒక్కతే ఇంట్లో. నేను వెళ్లి ఆ దుప్పటి కింద దూరేదాన్ని. లేసు కన్నాల్లోంచి వెలుతురు నా కాళ్ల మీద పువ్వులు పువ్వులుగా పడేది. నాన్న రాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పువ్వులు బిగుసుకుపోవడం చూసే తెలుసుకున్నాననిపిస్తుంది.

నిజంగా అప్పుడే తెలిసిందో, పెద్దయ్యాక అలా అనుకున్నానో చెప్పలేను. కానీ ఇన్నేళ్లూ ఎప్పుడు మనసు బాగాలేకపోయినా బీరువా తెరిచి, ఆ మూల మీద చెయ్యి వేసుకునేదాన్ని. దుప్పటి నీకు పంపే ముందు ఎమేలి చేత కూడా ముట్టించాను. "చూడు, మీ అమ్మమ్మ దుఃఖం చేతికి తగులుతుంది" అన్నాను. అది చాలాసేపు చెయ్యి తియ్యలేదు. కలమ్ వాళ్లమ్మ జాయిస్ కూడా వచ్చి ఉంది ఆ రోజు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ మూల ఒక్కటీ నాకు అలాగే కావాలి. మిగతాదంతా నీ ఇష్టం.

సులిత

నియుతావో
2 ఏప్రిల్ 1996

పట్నం చెల్లికి,

నీ ఫిబ్రవరి ఉత్తరమూ, మూటా ఒకేసారి వచ్చాయి. ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలో పగడపు దిబ్బ దాటించుకుని తెచ్చారు. కెరటం కొట్టి సఫిగా నిలువునా తడిసిందిగానీ మూటని నెత్తిన పెట్టుకుని కాపాడింది. దేవుడు ఆమెని చల్లగా చూడాలి. దిగగానే నా మీదకొచ్చింది. "ఏమే లోసా, ఏం పంపిందే నీ చెల్లెలు? పిల్లాడిని మోసినట్టు మోశాను!"

ముందు ఇంటి కబుర్లు. నల్ల పంది ఈనింది. పులాకా గుంటల్లోకి మళ్లీ ఉప్పునీరు ఊరింది. దుంపలు చేతికి వస్తాయో రావో. మన ఫోలికా కడుపుతో ఉంది, నేను అమ్మమ్మనవుతున్నాను. ఇప్పుడు దానికి పచ్చి చేప తప్ప ఏదీ సయించదు. మొగుడు రోజూ వల భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. పెళ్లాం కడుపుతో ఉంటే మగాళ్లు ఎంత బుద్ధిమంతులవుతారో చూడాలంటే నువ్వు రావాలి.

ఎమేలి పెళ్లి మాట చెప్పగానే ఆడవాళ్లంతా ఊరి చావడిలో చేరారు. దుప్పటి పరిచాం. మలోసి మామ్మ చుట్టూ తిరిగి చూసి, "సులిత దీన్ని కప్పుకుందా, బీరువాకి కప్పిందా?" అంది. అందరూ నవ్వారు. కోపం తెచ్చుకోకు. మడతల్లో దారం చచ్చిపోయింది చెల్లీ. నూలు ఎండా గాలీ తగలకపోతే అలాగే చస్తుంది.

సరే, అమ్మ ఉంటే ఏం చేసేదో అదే చేశాం. విప్పేశాం.

ఎంత సరదాగా గడిచిందో! ఒకరు లాగితే ఎదురుగా ఒకరు ఉండ చుట్టడం. లాగినకొద్దీ దారం వంకీలు తిరిగిన జుట్టులా వస్తుంది. ముసలాళ్లు అమ్మ పాటలన్నీ తవ్వి తీశారు. చచ్చిన దారం పక్కన పడేశాం. మంచిది ఉతికి, బరువు కట్టి, ఎండలో వేలాడదీశాం. ఒక్క మూల మాత్రం మమ్మల్ని ఏడిపించింది. ఎంత బిగువో! ఫోలికా గోరు విరిగింది.

ఉండలు చాపలో చుట్టి ఉంచాను. పులాకా గుంటల పని తెమిలాక మొదలుపెడతాను. ఎమేలిని ఒకసారి ముద్దుపెట్టుకో. అల్లుడికి చేపలు పట్టడం వచ్చా?

లోస

ఆక్లండ్
5 మే 1996

లోసాకి,

నీ ఉత్తరం అందింది. నా మార్చి ఉత్తరం నీకు ఇంకా అంది ఉండదు. అందాక నీకే తెలుస్తుంది.

విప్పమని నేను రాయలేదు. చిరిగిన చోట అతకమన్నాను. అలా అని అక్షరాల్లో రాయలేదేమో, కానీ దేశాలు దాటించి ఒక వస్తువుని పంపేది దాన్ని లేకుండా చెయ్యడానికి కాదని ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. మీరంతా పాటలు పాడుకుంటూ విప్పింది అమ్మ చేతి పనిని. అమ్మవి ఇంకేం మిగిలాయి మనకి? ఫోటో ఒకటి కూడా లేదు.

ఎమేలికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఇంక అల్లొద్దు.

సులిత

నియుతావో
9 జూన్ 1996

సులితకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచీలో వచ్చాయి. ఏది ముందో తారీఖులు చూసి చదువుకున్నాను. తర్వాతి దాంట్లో నువ్వు అక్కా అని కూడా రాయలేదు. ఫోలికా చదివి వినిపిస్తానంటే వద్దని లాక్కున్నాను.

"ఇంక అల్లొద్దు" అన్నావు. అంటే నా చెయ్యి మీద నమ్మకం లేదనేగా? కళ్లు మందగించిన మాట నిజమే. వేళ్లు చెడలేదు. ఆ మాట సూటిగా అడిగి ఉంటే చెప్పేదాన్ని.

పోనీ. ఆ మూల సంగతి రాయాలా వద్దా అని ఇన్నాళ్లూ ఊగాను. నీకు అన్నేళ్లు ఊరటనిచ్చిన దాన్ని లాగెయ్యడం నాకిష్టం లేదు. కానీ అమ్మ చేతి పనిని నేను నాశనం చేశానని నువ్వు అక్కడా, నేను ఇక్కడా మోస్తూ కూర్చోవడం ఇంకా ఇష్టం లేదు.

ఆ పువ్వులు అమ్మవి కావే. నావి.

నాన్న పడవ రాని ఆ వారమంతా అమ్మ సూది ముట్టలేదు. దుప్పటి ఒళ్లో వేసుకుని కూర్చుందంటే కూర్చుంది, అంతే. చేతులు దాని మీద పడి ఉండేవి, కోసి పడేసిన ఆకుల్లాగా. నువ్వు కింద దూరేదానివి. నేను పక్కన కూర్చుని ఆ మూల అల్లేదాన్ని. అమ్మ చేతులు కదలడం లేదని ఇంటికొచ్చినవాళ్లకి తెలియకూడదని. నాకు పద్నాలుగేళ్లు, అప్పుడే నేర్చుకుంటున్నాను. భయంతో దారాన్ని ఎలా బిగలాగానో నా వేలికి తెలుసు. ఏడాది తిరిగాక అమ్మ ఆ మూల చూసి మొదటిసారి నవ్వింది. "ఇదేంటే! ఇది లేసా, చేపల వలా? చీమ కూడా దూరదు దీంట్లో!" విప్పేస్తానంటే వద్దంది. "దీని వంతు వచ్చినప్పుడు విప్పుదాంలే" అంది.

ఇంకోటి. నువ్వు పుట్టాక అది సగం దుప్పటి. మిగతా సగం నీ బాప్టిజం గౌనూ, దాని టోపీ. నీకు గౌను పొట్టయ్యాక విప్పి మళ్లీ దుప్పట్లో కలిపింది. అంతకుముందు ఆ దారం మన సొంత మామ్మ ఇంటి కిటికీ తెర. మామ్మకి ఎక్కడిదో నాకు తెలీదు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియని చోట కొత్త దారం కోసం కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్లైపోతారు. చిరిగింది అతకడం అమ్మ నాకు నేర్పలేదు సులితా. విప్పడమే నేర్పింది. నువ్వు చిన్నప్పుడే సువా బడికి వెళ్లిపోయావు, నీకు తెలిసే వీలు లేదు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉంటే, విప్పేముందు ఒక జాబు రాసేదాన్ని. నాకు తట్టలేదు. ఈ ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

మలోసి మామ్మ, "చెల్లెలు వద్దంటే వద్దు, ఆ దారంతో ఫోలికా బిడ్డకి ఉయ్యాల దుప్పటి అల్లు" అంటోంది. నేను ముట్టుకోలేదు. అది నీ దారం. ఉండలు అలాగే ఉన్నాయి. ఉండలే పంపమంటే ఉండలు పంపుతాను. దుప్పటి కావాలంటే దుప్పటి పంపుతాను. రెండిట్లో ఏదో రాయి. త్వరగా రాయి. పెళ్లి ఆగదు.

లోస

ఆక్లండ్
30 జూన్ 1996

అక్కా,

నీ ఉత్తరం గ్రంథాలయంలో, నా బల్ల దగ్గర చదివాను. పుస్తకం అడగడానికొచ్చిన పిల్ల ఒకతి నా మొహం చూసి, "తర్వాత వస్తానులెండి" అని వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ నేను చెయ్యి వేసుకున్నది నీ చేతుల మీద. ఇది ఇంకా లోపలికి దిగడం లేదు. అమ్మని ఎవరో రెండోసారి తీసుకెళ్లిపోయినట్టు రెండు రోజులు ఉంది. తర్వాత, పద్నాలుగేళ్ల పిల్ల గోడ పక్కన కూర్చుని గబగబా అల్లుతూ కనిపించడం మొదలైంది. ఆ పిల్లని నేనెప్పుడూ చూడలేదు. దుప్పటి కిందే ఉన్నానుగదా, నాకు వెలుతురు తప్ప ఏం కనిపిస్తుంది?

నీ చెయ్యి మీద నమ్మకం లేక అల్లొద్దనలేదు. నువ్వు అల్లితే అది ఇంకో దుప్పటి అయిపోతుంది, అమ్మది పోయిందని ఒప్పుకున్నట్టవుతుంది, అని. ఇప్పుడు చూస్తే అమ్మది అని ఒక దుప్పటి ఎప్పుడుంది? తెరా, గౌనూ, దుప్పటీ, ఏది అసలుది? ఇది నా చదువు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. చదువు ఏమీ చెప్పడం లేదు.

ఎమేలికి మొత్తం చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను. "అయితే నేను ముట్టుకున్నది పెద్దమ్మనన్నమాట" అంది. "పెద్దమ్మ బతికే ఉందిగా అమ్మా, మరి నువ్వెందుకు అలా మొహం పెట్టావు?" అని నన్ను కోప్పడింది కూడా.

దుప్పటి పంపు అక్కా.

ఇలా రాశాక కూడా ఒక పూట ఈ కాగితం మడవకుండా ఉంచాను. ఉండలే పంపమంటే నయమేమో, ఉండలుగా ఉన్నంతకాలం అది ఇంకా అమ్మదే కదా అని. కానీ ఉండలు బీరువాలో పెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. వాటినీ చంపేస్తాను.

చచ్చిన దారం పోగా నీకు తక్కువ పడుతుంది. ఇక్కడి దుకాణంలో తెల్ల దారం కొని పంపుతున్నాను. రంగు కలవదు. అమ్మది కొబ్బరి పాల రంగు, ఇది సున్నం తెలుపు. టీ నీళ్లలో ముంచి పాతబడినట్టు చేద్దామని గిన్నె కూడా పొయ్యి మీద పెట్టాను. మళ్లీ దించేశాను. కొత్తదాన్ని కొత్తదిగానే ఉండనిద్దాం.

నీ చెల్లెలు
సులిత

నియుతావో
25 ఆగస్టు 1996

అక్కా అని రాసిన చెల్లికి,

ఒక్కసారి కాదు, ఆ ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావో ఫోలికా వేళ్ల మీద లెక్కపెట్టి నన్ను ఆటపట్టించింది.

దుప్పటి అయింది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేదాకా నేను, మధ్యాహ్నం ఫోలికా, సాయంత్రం ఎవరు వస్తే వాళ్లు. అందరికీ అమ్మ పువ్వు నేర్పాల్సి వచ్చింది. కొసల నుంచి లోపలికి రమ్మంటే, మలోసి మామ్మ "ఇదేం వెనకనడక, పీతలాగా!" అని గోల. కానీ నేర్చుకుంది. ఆమెవి ఎగుడుదిగుడుగా ఉంటాయి, తిట్టుకోకు. వాటినీ కలిపేశాను.

అమ్మ దారం లోపలంతా వచ్చింది. అంచు చుట్టూ నీ తెల్లది. ఎందుకంటే దుప్పటిని ఎవరైనా పట్టుకుని లాగేది అంచునే. ముసలి దారం ఓర్చుకోలేదు. రంగు కలవలేదు, నిజమే. తడి ఇసక చుట్టూ నురగలాగా ఉంది. ఇక్కడ అందరూ బాగుందన్నారు. నీకు నచ్చకపోయినా బాగుందని అబద్ధమాడు.

ముందటి కంటే చిన్నది. ఇద్దరు దగ్గరగా పడుకుంటే సరిపోతుంది. కొత్త పెళ్లివాళ్లేగా, దూరంగా ఎందుకు పడుకుంటారు? కొట్టుకుంటే మాత్రం ఒకరికి చలేస్తుంది. ఎమేలికి చెప్పు.

ఫోలికాకి ఆడపిల్ల పుట్టింది. అమ్మ పేరే పెట్టాం. దాన్ని వదిలి నేను పెళ్లికి రాలేను. నా మోకాళ్లు కూడా దిబ్బ దాటే పడవలోకి దూకనంటున్నాయి. ఈ ఓడకి దుప్పటి వెళ్తోంది. నా బదులు అదే వస్తోంది అనుకోండి.

మడిచి పెట్టొద్దు. వినిపిస్తోందా? మడిచి పెట్టొద్దు.

లోస

ఆక్లండ్
13 అక్టోబరు 1996

లోసక్కా,

నీ మూట పెళ్లికి రెండు రోజుల ముందు చేరింది. అప్పటికి నేను దుకాణంలో ఒక మెత్తని గులాబీరంగు దుప్పటి కొని సిద్ధంగా ఉంచుకున్నాను. నిన్ను నమ్మక కాదు, ఓడని నమ్మక.

అబద్ధమాడమన్నావు. ఆడక్కర్లేదు. కాని మొదటిసారి పరిచినప్పుడు నా చెయ్యి దానంతట అదే తలవైపు ఎడమ మూలకి వెళ్లింది. అక్కడ మలోసి మామ్మ ఎగుడుదిగుడు పువ్వు తగిలింది. నాకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. ఆ దుఃఖం పోయిందా, దారంలో ఎక్కడెక్కడికో సర్దుకుందా? తెలియదు. వెతకడం మానేశాను.

పెళ్లి హాలులో చాపలు పరిచాక మనవాళ్ల ముసలమ్మలు దాని చుట్టూ మోకాళ్ల మీద చేరారు. తిరగేసి దారం అతికిన ముడులు వెతికారు. కనపడలేదు. "తిలీసా పువ్వే!" అని ఒకామె, "కాదు, ఇది లోసా చెయ్యి" అని ఒకామె. చివరికి వాళ్లలో వాళ్లే దెబ్బలాడుకున్నారు. ఎవరు అల్లారమ్మా అని నన్ను అడిగారు. ఏం చెప్పను? ఊరు ఊరంతా అల్లిందన్నాను. నువ్వు వినుంటే బాగుండేది.

జాయిస్‌కి చాలా నచ్చింది. వెల కట్టలేని వస్తువని నా చెయ్యి పట్టుకుంది. అద్దం పెట్టించి గోడకి వేలాడదీస్తే ఎప్పటికీ పదిలంగా ఉంటుందనీ, కలమ్ చేత చట్రం చేయిస్తాననీ అంది. మంచి మనసుతోనే అంది. ఏడాది కింద అయితే ఆ మాటకి నేనే ముందు తలూపేదాన్ని. ఆ రోజు నా నోటి నుంచి వచ్చింది విని నాకే ఆశ్చర్యమేసింది. "వద్దు జాయిస్. దీన్ని వాళ్లు కప్పుకుంటారు. చిరిగిన రోజున విప్పుతారు."

ఆవిడ నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వింది. మన ముసలమ్మలు నవ్వలేదు. వాళ్లలో ఒకామె తొడ మీద చరిచి, "విన్నారా, నియుతావో పిల్ల మాట్లాడింది!" అంది. నలభై ఐదేళ్ల దాన్ని, పిల్లనట!

ఎమేలి కాపురానికి వెళ్లిన ఇంట్లో దుప్పటి మంచం మీదే ఉంది. నిన్న వెళ్లి చూశాను. కలమ్ దాని మీద కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు. ఏదో ఒకటి అనెయ్యకుండా ఉండడానికి వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

అక్కడికొచ్చి ఎమేలి అడిగింది. "అమ్మా, విప్పేటప్పుడు ఎదురుగా కూర్చుని చుట్టేది ఎవరు? నాకు అక్కా చెల్లీ లేరుగా?" నిజమే, నాకు తట్టనే లేదు. ఆ రోజుకి మనిద్దరం ఉండం. కాబట్టి ఈ ఉత్తరం ఫోలికాకి చదివి వినిపించు. తనో, తన కూతురో, ఎవరో ఒకరు ఎమేలికి ఎదురుగా కూర్చోవాలి. మాటివ్వమని అడుగు.

తొందరేం లేదులే. ముందు దాన్ని బాగా చిరగనీ.

నీ చెల్లెలు
సులిత